చెవులకి కూడా మత్తు కావాలి

ఎముక లోపలి మజ్జని సూదితో తీసి పరీక్షించే బోన్ మ్యారో టెస్టులో పేషెంటుకి ఏమీ కనిపించదు. గోడవైపు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పక్కకి పడుకోమంటారు. జరిగేదంతా వెనకాల, నడుము కింద తుంటి ఎముక దగ్గర. కళ్ళ ముందు గోడ తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి పనిచేసేవి చెవులే. ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతున్నాయో తేలక డాక్టర్లు మొదటిసారి నాకు ఈ టెస్టు రాసినప్పుడు, ఆ అరగంటా నేను చెవులతోనే చూశాను.

కిట్ కవరు చింపిన చప్పుడు. స్టీలు ట్రేలో ఏదో బరువైనది పెట్టిన చప్పుడు. మందుండే చిన్న గాజు ఆంప్యూల్ మెడ విరిచినప్పుడు టక్కుమని ఒక చిన్న శబ్దం. గ్లవ్స్ చేతికి లాగి వదిలిన చప్పుడు. ఒక్కోదానికీ నా వీపు దానంతటదే బిగుసుకుపోయింది, అదిగో ఇప్పుడు గుచ్చుతారు, అదిగో ఇప్పుడు అని. సిస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి "ఇంకా ఏమీ మొదలుపెట్టలేదమ్మా, ఒళ్ళు కాస్త వదులు చెయ్యండి" అంది. నిజమే, అప్పటికి స్పిరిట్ దూదితో తుడవడం కూడా అవలేదు. నేను మాత్రం అప్పటికే నాలుగుసార్లు సూది గుచ్చించుకున్నట్టు చెమటలు పట్టి ఉన్నాను.

ఆ తర్వాత అసలు నొప్పి. మత్తు ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు చర్మం కింద కాసేపు మండింది, తర్వాత మొద్దుబారింది. పెద్ద సూదిని మెలితిప్పుతూ ఎముకలోకి దించుతుంటే నొప్పి కన్నా బరువు ఎక్కువ తెలిసింది, ఎవరో మోకాలితో నడుం మీద నొక్కుతున్నట్టు. చివర సిరంజితో మజ్జని లాగేటప్పుడు మాత్రం, అది చర్మానికీ ఎముక పైపొరకీ ఇచ్చిన మత్తుకి లొంగే నొప్పి కాదు. లోపల్నుంచి తొడదాకా ఏదో పీకేసినట్టు ఒక వింత లాగుడు. కొన్ని సెకన్లే. కానీ ఆ కొన్ని సెకన్ల నొప్పి ఎలా ఉందో నాకిప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా సరిగ్గా రావడం లేదు, ట్రే చప్పుడు మాత్రం చాలా రోజులు వదల్లేదు. ఇంట్లో ఎవరైనా స్టీలు గిన్నె సింకులో పెడితే చాలు, భుజాలు పైకి లేచేవి.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ రెండేళ్ళలో మూడుసార్లు ఆ టెస్టు చేయించుకున్నాను. మూడోసారి మొదటి రెండుసార్లలా లేదు, ఆ తేడాకి ముఖ్యమైన కారణం ఒక పాట. పాటలు వింటే నొప్పి పోతుందని చెప్పే వాట్సాప్ మెసేజి లాంటిది కాదు ఇది, దయచేసి అలా చదవకండి. నొప్పి పోలేదు. పోయింది వేరే ఒకటి, దాని గురించే చెప్పాలని.

ముందు రెండోసారి సంగతి చెప్పాలి, ఎందుకంటే అప్పుడు కూడా గదిలో పాట ఉంది.

ఎనిమిది నెలల తర్వాత అదే టెస్టు, అదే గోడ, అదే భంగిమ. గదిలో మూల ఎక్కడో చిన్న స్పీకర్లో పాటలు వస్తున్నాయి. పని చేసేవాళ్ళు తమ కోసం పెట్టుకున్నవి. డప్పులతో మోగే హుషారైన పాట, దానికి ఎవరో కూనిరాగం కలుపుతున్నారు. పాట బాగాలేదని కాదు, ఇంకో రోజు, ఇంకో చోట అయితే నేనూ కాలు ఆడించేదాన్నేమో. కానీ సూది కోసం ఒళ్ళు బిగబట్టుకుని పడుకున్న మనిషికి, వీపు వెనక ఆ హుషారు వింటుంటే ఈ గదిలో నేను లేనేమో అనిపిస్తుంది. అది వాళ్ళ పని గది, నేను ఆ రోజు వాళ్ళ పనిలో ఒకదాన్ని, అంతే. ఆపమని అడగాలంటే ఎవరిని అడగాలో తెలియదు, అందరూ నా వెనకే ఉన్నారు. మధ్యలో డాక్టర్ గారు ఏదో అన్నారు, డప్పుల్లో కలిసిపోయింది. "ఏంటండీ?" అని తల తిప్పబోయాను, "కదలకండి!" అని గట్టిగా ఒక అరుపు. ఆయన తప్పు లేదు, సూది ఎముకలో ఉంది. కానీ ఆయన ముందు అన్నది "ఇప్పుడు లాగుతున్నాను, ఊపిరి వదలండి" అని నాకు తర్వాత తెలిసింది. ఆ మాట నాకు ముందు వినపడి ఉంటే ఊపిరి వదిలేదాన్ని.

ఆపరేషన్ గదుల్లో పాటల వల్ల మాటలు వినపడవన్నది నా ఒక్కదాని గోడు కాదు. 2015లో ఇంగ్లండ్ పరిశోధకులు 20 ఆపరేషన్ల వీడియోలు పరిశీలించి రాసిన పేపర్లో, పాటలు పెట్టిన ఆపరేషన్లలో ఒకే మాటని మళ్ళీ అడగాల్సి రావడం పాటలు లేనివాటి కన్నా ఐదు రెట్లు ఎక్కువగా కనిపించిందని ఉంది. సర్జన్ అడిగిన పరికరం నర్సుకి వినపడకపోవడం, మళ్ళీ అడగడం. వాళ్ళకి వాళ్ళకే అలా ఉంటే, వీపు తిప్పుకుని పడుకున్న పేషెంటు సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ రెండోసారి తర్వాత ఇంటికొచ్చి దీని గురించి చదవడం మొదలుపెట్టాను. కోపంతోనే మొదలుపెట్టాను, గదిలో పాటలు పెట్టడం తప్పని ఎవరైనా రాశారేమో చూద్దామని. దొరికింది వేరే.

ఇది చాలా పాత సంగతి. 1914లోనే అమెరికాలో పెన్సిల్వేనియాకి చెందిన ఎవన్ కేన్ అనే సర్జన్, ఆపరేషన్ గదిలో ఫోనోగ్రాఫ్, అంటే రికార్డు పాటలు వినిపించే పాతకాలం యంత్రం, పెట్టుకోవడం గురించి అక్కడి వైద్య పత్రిక జామాకి చిన్న ఉత్తరం రాశాడు. బల్ల మీద పడుకున్న మనిషికి చుట్టూ జరుగుతున్నదాని మీద నుంచి మనసు మళ్ళించడానికి అది బాగా పనికొస్తుందని ఆయన మాట. ఈ కేన్ గారి గురించి ఇంకో విషయం: 1921లో ఆయన తన అపెండిక్స్‌ని తానే, లోకల్ మత్తుతో, అద్దాల్లో చూసుకుంటూ కోసి తీసుకున్నాడు. ప్రతిదానికీ పూర్తి మత్తు అక్కర్లేదని చూపించడానికి. నాకు ఆ రెండు విషయాలూ ఒకేచోట చదివినప్పుడు అర్థమయింది, బల్ల మీద మెలకువగా పడుకోవడం అంటే ఏమిటో ఆలోచించిన మనిషికే అక్కడ పాట ఉండాలన్న ఆలోచన వచ్చిందని.

తర్వాత 1960లో ఇంకో విచిత్రం. వాలస్ గార్డ్‌నర్ అనే పళ్ళ డాక్టరు, శబ్దాల మీద పనిచేసే శాస్త్రవేత్తలతో కలిసి సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వేశాడు. పేషెంటు చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక పెట్టె. మామూలుగా పాట వింటూ ఉంటాడు, పంటి మీద డ్రిల్ నొప్పి తెలిసినప్పుడు పెట్టె మీద మీట తిప్పితే జలపాతం లాంటి హోరు వస్తుంది. ఎంత నొప్పికి అంత హోరు. వేలమందికి మత్తు అవసరం లేకుండా పళ్ళ పని చేశామని రాశారు. అప్పట్లో దీని మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. కొన్నేళ్ళకి ఆ పెట్టెలు కనపడకుండా పోయాయి, ఎందుకంటే అందరి చేతుల్లో అలా పనిచేయలేదు. 1963లో నొప్పి మీద పరిశోధనలు చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ బృందం దీన్ని విడదీసి చూసింది. కొందరికి శబ్దం మాత్రమే ఇచ్చారు, కొందరికి 'ఇది నొప్పి తగ్గిస్తుంది' అన్న నమ్మకం మాత్రమే ఇచ్చారు, కొందరికి రెండూ. విడివిడిగా ఏదీ పెద్దగా పనిచేయలేదు. రెండూ కలిపి ఇచ్చినవాళ్ళే నొప్పిని ఎక్కువసేపు తట్టుకున్నారు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఎవరో స్పీకర్లో పాట పెట్టేసి పోవడానికీ, ఒక మనిషి నా దగ్గరకొచ్చి 'ఇది మీకోసం, ఇది మీకు సాయం చేస్తుంది' అని చెప్పి చేతికివ్వడానికీ ఉన్న తేడా నాకు రెండోసారి అనుభవంలోకి వచ్చినదే కదా. ఆ పళ్ళ డాక్టరు పెట్టెలో ముఖ్యమైనది హోరు కాదేమో, మీట పేషెంటు చేతిలో ఉండటమేమో అని నాకు అనిపిస్తుంది.

ఇదే మెల్జాక్, ప్యాట్రిక్ వాల్‌తో కలిసి 1965లో నొప్పికి వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందన్న సిద్ధాంతం రాశాడు. దెబ్బ తగిలిన చోట నుంచి వచ్చే సంకేతం నేరుగా మెదడుకి పోదు, దారిలో గేటు ఉంది, ఆ గేటు ఎంత తెరుచుకోవాలన్నది పక్కన ఉన్న మిగతా నరాలతో పాటు పైనుంచి మెదడు కూడా నిర్ణయిస్తుంది. భయం, ధ్యాస, ఎదురుచూపు, ఇవన్నీ ఆ గేటు మీద చెయ్యి వేసేవే. ఆ సిద్ధాంతంలో వివరాలు తర్వాత చాలా మారాయి గానీ, నొప్పి అంటే సూది దగ్గర మొదలై సూది దగ్గరే అయిపోయేది కాదన్న మాట మాత్రం నిలబడింది. అందుకే దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే కాస్త హాయిగా ఉంటుంది, అందుకే 'ఇదిగో గుచ్చుతున్నా' అన్న టెన్షన్‌లో చిన్న సూది కూడా పెద్దదవుతుంది.

ఈ కాలం లెక్కలు కూడా ఉన్నాయి. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, ఆపరేషన్లు చేయించుకున్న పెద్దవాళ్ళ మీద జరిగిన 73 ప్రయోగాలని కలిపి చూసింది. పాట విన్నవాళ్ళకి నొప్పి తగ్గింది, ఆందోళన తగ్గింది, నొప్పి మందుల వాడకం తగ్గింది. ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం తగ్గలేదు. పూర్తి మత్తులో ఉన్నప్పుడు వినిపించినా కొంత ఫలితం కనపడిందట, అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ సమీక్షలో పాట ఎవరు ఎంచారన్నదాని వల్ల పెద్ద తేడా రాలేదని కూడా ఉంది. ఈ ఒక్కచోట నేను వాళ్ళతో పూర్తిగా ఏకీభవించలేను. పరిశోధకులు ఎంచిన పాటలన్నా మెల్లగా, ప్రశాంతంగా ఉండేవే అయి ఉంటాయి, వెనక నుంచి డప్పులు కాదు కదా. 2023లో కెనడాలోని మాంట్రియల్‌లో 63 మంది మీద చేసిన ఒక చిన్న ప్రయోగం నాకు ఎక్కువ నచ్చింది. ముంజేతి లోపలి వైపు వేడి తగిలిస్తూ, ఒకసారి వాళ్ళకిష్టమైన పాట, ఇంకోసారి పరిశోధకులు ఎంచిన ప్రశాంతమైన సంగీతం, ఇంకోసారి పాటని ముక్కలు చేసి కలిపేసిన శబ్దం, ఇంకోసారి నిశ్శబ్దం. ఇష్టమైన పాటే గెలిచింది. అందులోనూ, కాస్త దిగులూ కాస్త తీపీ కలిసిన పాటలు, గుండెని కదిలించేవి, అవి ఎక్కువ సాయం చేశాయి.

అదే ఊళ్ళో 2011లో జరిగిన ఇంకో పరిశోధనే నాకు మొత్తం విషయాన్ని విప్పి చెప్పింది. మనకి బాగా ఇష్టమైన, ఒళ్ళు పులకరించే పాట వింటున్నప్పుడు మెదడులో డోపమిన్ అనే, హాయితో ముడిపడిన రసాయనం విడుదలవుతుందని వాళ్ళు స్కాన్లలో చూశారు. ఆ పులకరింత వచ్చే క్షణంలోనే కాదు, అది రాబోతోందని ఎదురుచూస్తున్న సెకన్లలో కూడా విడుదలవుతుంది, మెదడులో కొద్దిగా వేరే చోట.

ఎదురుచూపు! బల్ల మీద నన్ను చంపింది ఎదురుచూపే. నాలుగు సెకన్ల నొప్పి కోసం అరగంట ఎదురుచూడటం. తెలిసిన పాట వింటున్నప్పుడు మనం ఎదురుచూసేది వేరే ఒకటి, ఇదిగో ఇప్పుడు చరణం అయిపోతుంది, ఇదిగో ఇప్పుడు రాగంలో ఆ మలుపు వస్తుంది, ఇదిగో గొంతు పైకి వెళ్తుంది అని. రెంటి కోసం ఒకేసారి ఎదురుచూడటం ఒంటి వల్ల కాదు. అందుకే పాట తెలిసినదై ఉండాలి. ఎంత గొప్ప సంగీతమైనా మొదటిసారి వింటున్నది అయితే తర్వాత ఏమొస్తుందో తెలియదు, ఎదురుచూడటానికి ఏమీ ఉండదు, మనసు తిరిగి ట్రే చప్పుడు దగ్గరికే పోతుంది.

ఇక మూడోసారి. ఈసారి వేరే ఆసుపత్రి.

మంచం మీద కూర్చోగానే సిస్టర్ వచ్చి మొదట అడిగిన మాట, "పాటలు వింటారా? మీ ఫోన్‌లో మీకు నచ్చినవి ఉన్నాయా?" నేను ముందే సిద్ధమై వచ్చానని చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే ఇప్పుడే మొదలుపెట్టేయండి, డాక్టర్ గారు రావడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది. ఒక్క చెవికే పెట్టుకోండి, రెండో చెవి నాకివ్వండి" అంది. రెండో చెవి నాకివ్వండి అన్న మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

కుడిపక్కకి తిరిగి పడుకున్నాను కాబట్టి ఎడమ చెవికి, అంటే పైనున్న చెవికి పెట్టించింది. దిండు వైపు చెవికి పెడితే కాసేపటికి నొక్కుకుని ఆ నొప్పి ఒకటి మొదలవుతుందట. వైరు మెడ వెనక నుంచి పోకుండా ఛాతీ ముందు నుంచి తెచ్చి, ఫోన్ నా కుడి అరచేతిలో పెట్టి, బొటనవేలు సరిగ్గా వాల్యూమ్ బటన్ మీద ఉండేలా సర్దింది. వెనక వైపు వాళ్ళు శుభ్రం చేసి పరిచే పచ్చగుడ్డకి ఏదీ తగలకూడదు. తర్వాత ఒక ఒప్పందం చేసుకుంది: "నా చెయ్యి మీ మోకాలి మీద ఉంటుంది. మత్తు సూదికి ముందు ఒకసారి తడతాను. లాగేముందు రెండుసార్లు తడతాను, అప్పుడు ఊపిరి మెల్లగా నోటితో వదలండి. తట్టలేదంటే ఏమీ జరగదు."

తట్టలేదంటే ఏమీ జరగదు. ట్రే మోగినా సరే, ఏమీ జరగదు. ఆ ఒక్క మాటతో గదిలో శబ్దాలన్నిటికీ అర్థం పోయింది.

నేను ఎంచుకున్నది మాటల్లేని వేణువు. ఎన్నో ఏళ్ళుగా రాత్రుళ్ళు పడుకునేముందు వినేది, ఎక్కడ ఆగుతుందో ఎక్కడ ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంటుందో నాకు తెలుసు. వేణువు వాయించేవాళ్ళ ఊపిరి కూడా వినపడుతుంది, శ్రద్ధగా వింటే. వాళ్ళు ఊపిరి తీసుకున్న చోట నేనూ తీసుకున్నాను, వాళ్ళు పొడుగ్గా వదిలినప్పుడు నేనూ వదిలాను, ఇది నేను అనుకుని చేసింది కాదు, ఐదు నిమిషాలకి దానంతటదే కుదిరింది. ఎక్కడో ట్రే మోగింది. విన్నాను. వీపు బిగుసుకోలేదు. మోకాలి మీద ఒక తట్టు, తర్వాత మంట. మళ్ళీ వేణువు. సూది మెలితిప్పుతున్న బరువు తెలుస్తూనే ఉంది, వేణువు కింది స్థాయిలోకి దిగింది, ఇంకో రెండు నిమిషాల్లో పైకి వెళ్ళే చోటు వస్తుందని తెలుసు. అది రాకముందే మోకాలి మీద రెండు తట్లు.

ఊపిరి వదిలాను. లాగుడు వచ్చింది. అదే లాగుడు, తొడదాకా, మొదటిసారిలాగే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. కానీ వచ్చి, పోయింది. దానికి ముందు అరగంట లేదు, దాని తర్వాత రోజులు లేవు. అది నాలుగు సెకన్లదే, నాలుగు సెకన్లే ఉంది. తర్వాత దెబ్బ మీద బాండేజి వేసి వెల్లకిలా తిప్పి పడుకోబెట్టేసరికి వేణువు పైకి వెళ్ళే చోటు వచ్చింది, అప్పుడు మాత్రం ఏడ్చేశాను, అది నొప్పికి కాదు.

మీకో, మీ ఇంట్లోవాళ్ళకో ఇలాంటిది ఏదైనా ఉంటే, నేను తెలుసుకున్నవి కొన్ని చెబుతాను. అన్నిటికన్నా ముందు, పాట మత్తు ఇంజెక్షన్‌కి బదులు కాదు. ఎవరైనా 'పాటలు వింటున్నారుగా, మత్తు తక్కువ చాలు' అంటే ఒప్పుకోకండి. మత్తు ఇవ్వాల్సినంత ఇవ్వాలి, పాట దానికి తోడు. భయం తగ్గించే మందుల సంగతి వేరు. 2019లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో, నరానికి మత్తు ఇచ్చేముందు 157 మందిలో కొందరికి మిడజోలమ్ అనే మందు, కొందరికి హెడ్‌ఫోన్లో సంగీతం ఇచ్చి చూస్తే ఆందోళన తగ్గడం రెండిట్లో ఇంచుమించు ఒకేలా ఉంది. కానీ సంగీతం విన్నవాళ్ళకి డాక్టర్లతో మాట్లాడటం కష్టమయింది, తృప్తి కూడా మందు తీసుకున్నవాళ్ళకే ఎక్కువ. నాకు దీనికి కారణం తెలిసినట్టే అనిపిస్తుంది. బయటి శబ్దం అస్సలు రానివ్వని హెడ్‌ఫోన్లు రెండు చెవులకీ పెట్టారు, పాట కూడా పరిశోధకులు ఎంచిందే. రెండో చెవి సిస్టర్‌కి ఇవ్వలేదు.

ఫోన్‌లో పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఉచితంగా వినే యాప్‌లో సరిగ్గా సూది దిగేటప్పుడు ప్రకటన అరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫోన్ మోగినా అంతే. టెస్టు అరగంట అంటే గంట పాటలు పెట్టుకోండి, ఎందుకంటే ఆలస్యం అవుతుంది, ఎప్పుడూ అవుతుంది, మధ్యలో పాట అయిపోతే వచ్చే నిశ్శబ్దం ముందున్న నిశ్శబ్దం కన్నా భయంకరంగా ఉంటుంది. వాల్యూమ్ సగం దాటనివ్వకండి.

పాట ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త, ఇది నేను ఎక్కడా చదవలేదు, నాకు జరిగింది. మీకు ప్రాణమైన పాట తీసుకెళ్ళకండి. ఆ టెస్టు తర్వాత మూడు నెలలు నేను ఆ వేణువు వినలేకపోయాను. మొదటి స్వరానికే స్పిరిట్ వాసన వచ్చేది. ఇప్పుడు మళ్ళీ వింటున్నాను, మెల్లగా తిరిగొచ్చింది, కానీ అమ్మ గొంతులా దాచుకున్న పాట ఏదైనా ఉంటే దాన్ని ఆ గదిలోకి తీసుకెళ్ళకండి. బాగా తెలిసినది, ఇష్టమైనది, కానీ పోయినా బతకగలిగేది. అలాంటివి ప్రతి ఒక్కరికీ రెండు మూడు ఉంటాయి.

ఎమ్మారైకి మీ ఇయర్‌ఫోన్లు పనికిరావు. అయస్కాంతం గదిలోకి ఫోను, లోహం, ఏదీ వెళ్ళకూడదు. ఆ యంత్రం చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి రక్షణ తప్పనిసరి. చాలాచోట్ల గొట్టాల్లో గాలి ద్వారా శబ్దం తెచ్చే ప్రత్యేకమైన హెడ్‌ఫోన్లు ఉంటాయి, కానీ అడిగితేనే పాట పెడతారు, అందుకే ముందే అడగండి. యంత్రం దడదడల్లో పాట సగమే వినపడుతుంది. సగం చాలు. కంటి శుక్లం ఆపరేషన్ లాంటిది అయితే తల కదపకూడదు, తాళానికి తల ఊపే అలవాటున్నవాళ్ళు మెల్లటి పాట ఎంచుకోవాలి, కాలు కూడా ఆడించకూడదు. వినికిడి యంత్రం పెట్టుకునే పెద్దవాళ్ళుంటే అది తీసేయమన్నప్పుడు వాళ్ళు ఒక్కసారిగా అందరికీ దూరమైపోతారు, వాళ్ళకి పాట కన్నా ముందు మోకాలి మీద చెయ్యి కావాలి.

పిల్లల విషయం ఇంకా తేలిక, ఇంకా అవసరం. చేతికి సెలైన్ సూది పెట్టేటప్పుడు పాట పెడితే పిల్లల బాధ తగ్గడమే కాదు, సూది పెట్టేవాళ్ళకి కూడా పని సులువైందని 2013లో కెనడాలో 3 నుంచి 11 ఏళ్ళ పిల్లల మీద చేసిన ప్రయోగంలో చెప్పారు. ఆ ఏడాదే అమెరికాలో 11 ఆసుపత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన 272 మంది బిడ్డల దగ్గర పాడి చూశారు, అందులో తల్లిదండ్రులు ఎంచుకున్న పాటనే జోలపాటగా మార్చి పాడటం ఒకటి. బిడ్డల గుండె వేగం నెమ్మదించింది, తల్లిదండ్రుల ఆందోళన కూడా తగ్గింది. రికార్డు కాదు, ఎదురుగా కూర్చుని పాడినది. ఫోన్ లేకపోతే మీ గొంతు ఉంది, ఎలా ఉన్నా సరే.

ఇంకొకటి చెప్పి ఆపుతాను, ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు. గొంతులో గొట్టం, మాట్లాడలేరు, తమ ఒంటి మీద తమకి ఏ హక్కూ మిగలదు. 2013లోనే జామాలో వచ్చిన పరిశోధనలో 12 ఐసీయూల్లో 373 మంది ఉన్నారు. వాళ్ళలో కొందరికి, ఏ పాటలంటే ఇష్టమో కనుక్కుని అవి సిద్ధం చేసి, హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, ఎప్పుడు వినాలో ఎంతసేపు వినాలో వాళ్ళకే వదిలేశారు. వాళ్ళకి ఆందోళన తగ్గింది, మత్తుమందులు కూడా తక్కువ పట్టాయి. నోట మాట రాని మనిషిని 'మీకు ఏ పాట ఇష్టం' అని అడగడానికి ఒక నర్సు కూర్చుని, అక్షరాలు చూపిస్తూనో తల ఊపించుకుంటూనో కనుక్కోవడం, అది నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

వచ్చే నెల నాకు నాలుగో టెస్టు. మొన్న రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు ఆ సిస్టర్ కనపడితే, ఆ రోజు మీరు సెలవులో ఉంటే ఎలా అని అడిగాను. ఆవిడ నా ఫైలు తీయించి, మొదటి పేజీలో నాకు పడని మందుల పేర్లు రాసి ఉన్న గళ్ళ కిందే, ఎర్ర పెన్నుతో రాసింది: "ఎడమ చెవికి పాట. లాగేముందు మోకాలి మీద రెండుసార్లు తట్టాలి."